ప్లమ్‌ను రేగు అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. వాళ్ల అద్దెయింటి పెరట్లో ప్లమ్ చెట్టు ఉంది. "ఇరగ గాసినయమ్మా, ఇరుగుపొరుగుకు పంచినా ఒడుస్తలేవు, ఏం జెయ్యాలె?" అని ఫోన్ చేసింది. ప్లమ్‌ను తెలుగులో ఏమంటారని ఫోన్‌లో వెతికితే రేగుపండు అని వచ్చింది. సరే అని రేగు వడియాలు పెట్టే పద్ధతి రాసి పంపబోతుంటే మా వారు "అది రేగు కాదు, ఆల్‌బకరా" అన్నారు. ఏది సరి? పైగా పచ్చటి చెట్టు గురించి మాట్లాడుతూ "ఇరగ" అనొద్దని మా అత్తమ్మ కోప్పడుతున్నది. ఇంకొకటి: నేను పండ్లు అని రాస్తే, విజయవాడలో పుట్టిన మా తోటికోడలు పళ్లు అని దిద్దుతుంది.
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: అమ్మా, ముందు ఆ రేగు వడియాల పద్ధతి పంపడం ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

రేగుపండ్లను మనం గింజ తీసి దంచం. గింజతో సహా రోట్లో పోసి, పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర, బెల్లం చేర్చి కచ్చాపచ్చాగా దంచి ఎండకు పెడతాం. నోట్లో గింజ ముక్క తగిలితేనే అది రేగు వడియం. ప్లమ్ గింజ సంగతి వేరు. దాని గట్టి పెంకు లోపలి పప్పులో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. పప్పు నలిగితే దాని నుంచి సైనైడ్ పుడుతుంది. ఎవరో ఒక గింజను పొరపాటున అలాగే మింగేస్తే టెన్షన్ పడాల్సింది లేదు గానీ, గంపెడు పండ్లను గింజలతో కలిపి దంచితే మాత్రం ప్రమాదమే. ఒక పేరు తప్పుగా అనువదిస్తే వంటింట్లో ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇన్నాళ్లుగా దొరకలేదు.

ఫోన్ ఈ పొరపాటు ఎందుకు చేసిందంటే, అసలు తికమక ఇంగ్లిష్‌లోనే ఉంది. ఈ దేశానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు తెలియని పండు కనబడినప్పుడల్లా తమ ఊరి పండు పేరు తగిలించారు. రేగుపండు వాళ్లకు ఇండియన్ ప్లమ్ అయింది. నేరేడు పండు జావా ప్లమ్ అయింది, బ్లాక్ ప్లమ్ కూడా అయింది. చెట్లుగా చూస్తే ఈ మూడింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ప్లమ్ గులాబీ కుటుంబానిది, బాదం దానికి దగ్గరి చుట్టం. నేరేడుది జామ, లవంగాల కుటుంబం. రేగుది మరో కుటుంబం. ఇంగ్లిష్‌వాళ్లు పోలికతో పెట్టిన పేరును మనం వెనక్కి తిప్పి, ప్లమ్ అంటే రేగు అని చదువుకుంటున్నాం.

రేగు మనకు పాత మాట. ఆదిలాబాద్ గోండులు దాన్ని రేంగ అంటారు. వాళ్లు నిలుపుకున్న సున్నను మనం పోగొట్టుకున్నాం. మాట్లాడేటప్పుడు రేగ్గాయ, రేగిపండు అని కూడా అంటాం, అవేవీ తప్పు కాదు. పెద్ద కాయల రకం గంగరేగు. భోగినాడు పిల్లల తలమీద పోసేదీ, రథసప్తమినాడు జిల్లేడాకుల మీద పెట్టుకుని తలస్నానం చేసేదీ ఈ పండే. మా చిన్నప్పుడు బడి ముందు ఒక అవ్వ ఉప్పుకారం చల్లి సోలతో కొలిచి పోసేది. ఇంత బతుకు ఉన్న మాటను తీసుకెళ్లి ఇంగ్లండ్ పెరట్లోని ఇంకో చెట్టుకు కట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక మీ వారి మాట. పండు విషయంలో ఆయనదే సరి, ఉచ్చారణలో మాత్రం చిన్న దిద్దుబాటు. ఆల్‌బకరా అని చాలామంది రాస్తున్నారు, దుకాణాల బోర్డుల మీద కూడా చూశాను. ఉర్దూలో బకరా అంటే మేక. ఈ పండుకూ మేకకూ సంబంధం లేదు. అది ఆలూ బుఖారా. ఫార్సీలో ఆలూ అంటే ప్లమ్ పండు. బుఖారా ఊరి పేరు, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. బుఖారా ప్లమ్ అన్నమాట. ఫార్సీ నుంచి ఉర్దూలోకి, అక్కడి నుంచి మన నోటికి వచ్చింది. ఆల్‌బుఖారా అని కలిపి రాసినా, నోరు తిరగక బుకారా అన్నా ఇబ్బంది లేదు. బకరా మాత్రం వద్దు.

ఇక్కడ మన వరంగల్‌వాళ్లకు సహజంగా ఒక అనుమానం రావాలి. మనం ఆలుగడ్డ అంటాం కదా, ఆ ఆలూ ఈ ఆలూ ఒకటేనా? కాదు. కోస్తావాళ్లు బంగాళాదుంప అనే ఆలుగడ్డలోని ఆలు సంస్కృతంలో దుంపను చెప్పే ఆలు, ఆలుక నుంచి వచ్చింది. ఫార్సీవాళ్లు ఆలుగడ్డను ఆలూ అననే అనరు. సీబ్ జమీనీ అంటారు, అంటే నేల ఆపిల్. వాళ్ల ఆలూ ఎప్పుడూ చెట్టు మీదిదే. జర్దాలూ అంటే పసుపుపచ్చ ఆలూ, అదే ఆప్రికాట్, హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా చేసే పండు. కాబట్టి ఆలుగడ్డకూ ఆలూ బుఖారాకూ మన నోట్లోనే చుట్టరికం కుదిరింది, పుట్టుకలో కాదు.

ప్లమ్ అని తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు. కశ్మీర్, హిమాచల్ నుంచి ఎండాకాలం చివర దిగే పండ్లను మన బండ్లవాళ్లు ప్లమ్స్ అనే అమ్ముతున్నారు. కొనేవాళ్లకూ అర్థమవుతున్నది. ఎండువాటికి ఆలూ బుఖారా, పచ్చివాటికి ప్లమ్ అనే తేడా కొన్ని ఇళ్లలో స్థిరపడుతున్నట్టు కూడా కనిపిస్తున్నది.

మీ అత్తమ్మగారి అభ్యంతరానికి వద్దాం. విరగకాసింది అనడంలో అపశకునం ఏమీ లేదు. కొమ్మలు విరుగుతాయేమో అన్నంతగా కాసిందని అర్థం. అది చెట్టుకు శాపం కాదు, మెచ్చుకోలు. తెగ తిన్నాడు, తెగ నవ్వింది అంటాం, అక్కడ తెగిందేమీ లేదు. విరుగు నుంచి విరగ, తెగు నుంచి తెగ, రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలు. మీ అమ్మాయి అన్న ఇరగ మన నోట్లో వకారం జారిపోయిన రూపం, విల్లును ఇల్లు అన్నట్టే. అయినా అత్తమ్మ మనసు నొప్పించడం ఎందుకనుకుంటే నిండ గాసింది అనండి. ఒకటి మాత్రం నిజం: ప్లమ్ కొమ్మలు కాయల బరువుకు నిజంగానే విరుగుతాయి. పిందె దశలోనే కొన్ని రాల్చేయాలి, లేదంటే గుంజను ఊతంగా పెట్టాలి. వచ్చే ఏడాదికి ఆ మాట అమ్మాయికి చెప్పండి.

ఇప్పుడు ఏం పంపాలన్నది. పండు పరాయిదైనా చేసే పనులకు మన దగ్గర మాటల కరువు లేదు. గింజ తీసి రెండు చెక్కలు చేసి ఎండబెడితే ఒరుగు. మనం మామిడికి చేసేదే. ఇంగ్లిష్‌వాళ్లు ప్రూన్ అనేదాన్ని నేను మొహమాటం లేకుండా ప్లమ్ ఒరుగు అంటాను. గుజ్జు ఉడికించి, బెల్లమో చక్కెరో కలిపి (మేడారం జాతరకు పోయేవాళ్లు బెల్లాన్ని బంగారం అంటారు గానీ వంట రాసేటప్పుడు బెల్లమనే రాయండి), పళ్లెంలో పలుచగా పరిచి ఆరబెడితే తాండ్ర. అక్కడ ఎండ చాలదు, సన్నని వేడి మీద ఓవెన్‌లో పెట్టుకోవాలి. ముక్క ముక్కగా ఉంచి పాకంలో మగ్గిస్తే మురబ్బా, మెదిపేస్తే జామ్. మురబ్బా అరబీ మాట. పెంచి పోషించినది అని దాని మూలార్థం. పండును చక్కెరలో పెట్టి సాకడం! జామ్ అనే మాటకు ఇంత అందం లేదు, పైగా జామకాయతో తికమక.

ఇవన్నీ కాక, పచ్చిగా పుల్లగా ఉన్నప్పుడే కోసి, కారం, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరి పోపు పెడితే తొక్కు. మీ తోటికోడలు తొక్కు అనగానే పండు మీది తొక్క అనుకోవచ్చు. కాదని చెప్పండి. కాళ్లతో తొక్కినా రోట్లో నలగ్గొట్టినా పని ఒకటే కాబట్టి, నలగ్గొట్టి చేసింది తొక్కు. వాళ్లు పచ్చడి అనేదానికి మనం అనే మాట. తెలంగాణ పిల్లకు అమ్మ రాసే కాగితంలో తొక్కు అనే ఉండాలి. అదే పుల్లటి పండును మామిడికాయకు బదులు పప్పులో వేసినా కుదురుతుంది.

చివరిది, పండ్లా పళ్లా. రెండూ సరే. పండులు కుదించుకుపోయి పండ్లు అయింది, అది ఇంకా అరిగి పళ్లు అయింది. ఇండ్లు ఇళ్లు, బండ్లు బళ్లు అయిన దారే. మనం ముందు మెట్టు దగ్గర ఆగాం, వాళ్లు ఇంకో మెట్టు దిగారు. మీరు రాసింది పాత రూపం, దాన్ని దిద్దే అధికారం ఎవరికీ లేదు. పన్నుకు బహువచనం కూడా పండ్లే, అదీ ఇదే దారిలో పళ్లు అయింది. కాబట్టి మీ అమ్మాయి ఆ పచ్చి ప్లమ్స్‌ను అలాగే కొరికితే, పండ్లు తిని పండ్లు పులిసినయని మీరు రాయండి. మీ తోటికోడలు దాన్ని దిద్దాలంటే రెండుచోట్లా దిద్దుకోవాలి.