ఆరేళ్ల పాపకు టరాంటులా: సాధువైన రకం ఏదంటే

మీ పాపకు ఆరేళ్లనీ, పుట్టినరోజుకి టరాంటులా, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు, కావాలని పట్టుబట్టిందనీ, చేతిమీద పెట్టుకున్నా కరవని రకం వైజాగ్‌లో దొరుకుతుందా అనీ అడిగారు. మా ఇంట్లో 2012 నుంచి ఓ ఆడ టరాంటులా ఉంది. అది వచ్చేనాటికి మా అబ్బాయికీ ఆరేళ్లే. ఇప్పుడు వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అది ఇంకా మా హాల్లో అదే అలమార మీద ఉంది.

రకం పేరే కావాలంటే కర్లీ హెయిర్. హోండురాస్, నికరాగువా, కోస్టారికా ప్రాంతాల జీవి. గోధుమరంగు ఒళ్లు, దానిమీద వంకీలు తిరిగిన వెంట్రుకలు. నిదానం, ఓర్పు ఎక్కువ, మన వాతావరణానికి తేలిగ్గా అలవాటు పడుతుంది. మెక్సికన్ రెడ్ నీ అనే రకం దానికంటే అందంగా ఉంటుంది కానీ బెదిరితే ఒంటి వెంట్రుకలు విసరడంలో తొందరెక్కువ, ఆ సంగతి కింద చెప్తాను. చిలీ రోజ్ అనే ఇంకో రకాన్ని అందరూ సాధువంటారు. నేను చూసినవి ఒకరోజు ముట్టుకున్నా కదల్లేదు, మర్నాడు ముందుకాళ్లు పైకెత్తి కోరలు చూపించాయి.

అయితే ఏ రకమైనా సరే, పాప చేతిమీద మాత్రం పెట్టకండి. ఇది నా గట్టి మాట. సాధువైనది అంటే తనంతట తాను మీదికి రాదని అర్థం, అంతే. కుక్కపిల్లలా మనిషి స్పర్శ కోరుకోదు, ఓర్చుకుంటుంది.

కాటు గురించి నాకు పెద్ద భయం లేదు. అమెరికా ఖండాల రకాల విషం మామూలుగా తేనెటీగ కుట్టినంతే అంటారు, అలర్జీ ఉన్నవాళ్ల సంగతి వేరు. నా భయం వెంట్రుకలతో. బెదిరితే వెనక కాళ్లతో పొట్టను గబగబా రుద్దుతుంది, కంటికి కనపడనంత సన్నని ముళ్ల వెంట్రుకలు గాల్లోకి లేస్తాయి. మొదటి ఏడాది నేను గ్లౌజులు లేకుండా డబ్బా శుభ్రం చేశాను. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు, నాలుగు రోజులు ఒకటే దురద. సెల్లోటేపు అంటించి పీకితే కొన్ని వచ్చాయి. అదే చేత్తో కన్ను నులుముకుని ఉంటే? ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒకాయన చిలీ రోజ్ తొట్టి కడుగుతుంటే వెంట్రుకలు కంటి నల్లగుడ్డులో దిగబడ్డాయి. ఆ కేసు 2010 ప్రాంతంలో లాన్సెట్ వైద్య పత్రికలో కూడా వచ్చింది. చిన్నపిల్లలు రోజుకి ఎన్నిసార్లు కళ్లు నులుముకుంటారో మీకు నేను చెప్పాలా?

ఇంకోటి, దాని ప్రాణం. టరాంటులా పొట్ట నీళ్లు నింపిన సంచి లాంటిది, పైన పలచటి తోలు. నడుమెత్తు నుంచి కిందపడినా పగిలిపోవచ్చు. ఎనిమిది కాళ్లు అరచేతిలో కదిలితే చక్కిలిగిలి పెడుతుంది, పెద్దవాళ్లమే చెయ్యి విదిలిస్తాం. తన చేతిలోంచి జారి చచ్చిపోయిందన్న బాధ ఆ వయసులో పాపకు వద్దండి.

మా వాడికి చూడటం, నీళ్ల గిన్నె నింపడం, నోట్‌బుక్‌లో తేదీలు రాయడం అప్పగించాం. ముట్టుకోవడం లేదు, మూత మేమే తీసేవాళ్లం. అయినా వాడికి విసుగు పుట్టలేదు. రెండో ఏడాది ఓ పొద్దున అది వెల్లకిలా, కాళ్లు పైకి పెట్టి పడుంది. మా అమ్మ చూసి "పోయింది రా, స్కూలుకెళ్లేలోగా తీసేయ్, పిల్లాడు చూస్తే ఏడుస్తాడు" అంది. నేను చెత్త కవరు కూడా తెచ్చాను. వాడే డబ్బాకి మొహం ఆనించి "నాన్నా, కాలు కదిలింది" అన్నాడు. ఆ రోజు వాడు బడికి వెళ్లలేదు. వీపు మీది చిప్ప మూతలా లేచింది, లోపల్నుంచి తడితడిగా కొత్త కాలు ఒక్కోటీ గ్లౌజులోంచి వేళ్లు లాగినట్టు బయటికొచ్చింది. కోరలు తెల్లగా ఉన్నాయి, పాలపళ్లలా. నల్లబడటానికి కొన్ని రోజులు పట్టింది, అప్పటిదాకా మేత వేయలేదు. కుబుసం విడిచేటప్పుడు డబ్బాలో ఒక్క ఇలకోడి మిగిలి ఉన్నా అది సాలీడునే కొరికేస్తుంది, గుర్తుంచుకోండి.

డబ్బా ఎత్తు తక్కువగా ఉండాలి. నేల మీద బతికే జీవి, ఎత్తు ఉంటే ఎక్కి పడిపోతుంది. అడుగున కొబ్బరి పొట్టు మందంగా పరచండి. ఇనప జాలీ మూత వద్దు, కాలి గోళ్లు ఇరుక్కుంటాయి. అక్రిలిక్ మూతకి చిల్లులు పెట్టించి తాళం వేయండి. మన సముద్రగాలికి హీటరు అక్కర్లేదు. గాలి ఆడకపోతే బూజు పడుతుంది, అదొక్కటే జాగ్రత్త. హుద్‌హుద్ తుఫాను రోజుల్లో, 2014 అక్టోబర్‌లో, హాలు కిటికీ అద్దాలు పగిలితే డబ్బాని బాత్‌రూమ్‌లో పెట్టాం. రోజుల తరబడి కరెంటు లేదు. దానికేం కాలేదు.

చీమలు, దోమల మందులు మాత్రం దీనికి యముళ్లు. డబ్బా ఉన్న గదిలో కాయిల్ వెలిగించం, స్ప్రే కొట్టం. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు మా అక్క ఇంటికి పంపేస్తాం, సీతమ్మధారకి. మేత వారం పది రోజులకోసారి ఒకట్రెండు ఇలకోళ్లు. తోటలో పట్టినవి వేయకండి, వాటి మీద ఏ పురుగుమందు పడిందో తెలీదు.

ఇక ఎక్కడ కొనాలి అనే సంగతి. కర్లీ హెయిర్, రెడ్ నీ రెండూ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నవే. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి విదేశీ జీవిని పెంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నేను 2024లో చేయించాను. కాగితాలు చూపించలేని వాడి దగ్గర, కొరియర్‌లో పంపిస్తానన్న వాడి దగ్గర కొనకండి. 2021లో పోలండ్ నుంచి చెన్నైకి వచ్చిన ఒక పార్సిల్‌లో 107 బతికున్న సాలీళ్లు కస్టమ్స్‌కి దొరికాయి, ఒక్కోటీ చిన్న ప్లాస్టిక్ సీసాలో. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మన అడవిలోవి పట్టి తెచ్చే ఆలోచన అసలే వద్దు. మన వైపు రకాలకి ఆ ముళ్ల వెంట్రుకలు ఉండవు, బదులుగా వేగం, విషం ఎక్కువ. నెమలి నీలంలో మెరిసే గుత్తి సాలీడు మన రాష్ట్రానిదే. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని చూసి 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త కొత్త జాతిగా వర్ణించాడు, మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. మిగిలినవే చాలా తక్కువ. కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి.

ఇంకో మాట, ఆడది 20 ఏళ్లకు పైనే బతుకుతుంది. పాప పై చదువులకి వెళ్లిపోయినా దాన్ని చూసుకోవాల్సింది మీరే. మీకు దానిమీద ఇష్టం లేకపోతే ఈ ఏడాది ఆగండి. వానలు తగ్గాక పాపని వైజాగ్ దగ్గరి కంబాలకొండ అడవికి తీసుకెళ్లి చెట్ల మధ్య పెద్ద సాలెగూళ్లు చూపించండి. మీ బాల్కనీ కుండీల్లో గెంతే సాలీడు కూడా ఉండే ఉంటుంది, భూతద్దం ఇస్తే దాని పెద్ద కళ్లు రెండూ పాపకే కనిపిస్తాయి. నోట్‌బుక్ ఒకటి కొనిచ్చి ఏ రోజు ఏం తిందో రాయమనండి. ఆర్నెల్లు ఆపకుండా రాస్తే అప్పుడు కర్లీ హెయిర్ గురించి మళ్లీ అడగండి. కాగితాలున్న వాళ్లని వెతకడంలో నేను సాయం చేస్తాను.