పాత పికప్‌లో వచ్చిపోయే కరెంటు సమస్య: డైనమో కొనే ముందు ఎర్త్ చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బండి పాత డీజిల్ పికప్. గతుకుల్లో పడ్డప్పుడు మీటరు బోర్డు మొత్తం ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వస్తోంది, హెడ్‌లైట్లు మినుకుమంటున్నాయి, ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంది. బాగా తిరిగి వేడెక్కాక ఆపి, మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కోసారి టక్కుమని ఊరుకుంటోంది. ఇంకో రెండుసార్లు తిప్పితే మామూలుగానే స్టార్ట్ అవుతోంది. కొత్త బ్యాటరీ వేసినా తగ్గలేదు. ఇప్పుడు డైనమో (ఆల్టర్నేటర్, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చమంటున్నారు, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. సరిగ్గా ఇదే దారిలో నేను బ్యాటరీ మార్చాను, తర్వాత డైనమో మార్చాను, తర్వాత సెల్ఫ్ విప్పించి సొలనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్) కూడా మార్పించాను. మూడూ బాగానే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఎనిమిది నెలలు ఆ బండితో పడ్డ టెన్షన్ ఇంకొకరికి వద్దని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. కాలిపోయిన వస్తువు చాలావరకు కాలిపోయే ఉంటుంది, దానంతటదే బాగుపడదు. పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయే లోపం ఎక్కువగా రెండు లోహాలు కలిసే చోట ఉంటుంది. టర్మినల్, నట్టు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) లోపలి పిన్ను, ఫ్యూజు కాళ్లు, ఎవరో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు, ఇలాంటివి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. డైనమో బ్రష్‌లు అరిగితే ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) లోపల టంకం పగిలితే వేడికి విడిపోయి, చల్లబడ్డాక కలుసుకుంటుంది. అయినా పాత పికప్‌లో మొదటి అనుమానం జాయింట్ల మీదే పెట్టాలని నా అనుభవం. పికప్ అయితే మరీను. క్యాబిన్, వెనక తొట్టి, ఇంజిన్ ఈ మూడూ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటాయి. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకని ఒకదాని నుంచి ఇంకొకదానికి ఎర్త్ తీగలు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే తీగలు, వేసి ఉంటాయి. ఏళ్ల తరబడి బురద, నీళ్లు, కుదుపులు భరించేది అవే, ఎవరూ పట్టించుకోనిదీ వాటినే.

స్పానర్ పట్టుకునే ముందు ఒక వారం రాసుకోండి. సమస్య వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ వేడిగా ఉందా, కుదుపు తగిలిందా, తడి ఉందా, ఏయే లైట్లు వేసి ఉన్నాయి, ఏది ఆరింది, ఏది ఆరలేదు. ఆరనిదాన్ని కూడా తప్పకుండా రాయండి, అసలు ఆచూకీ అక్కడే దొరుకుతుంది. మీ బండి సంగతే తీసుకోండి. మీటరు బోర్డు ఆరినా ఇంజిన్ ఆగడం లేదన్నారు. చాలా పాత డీజిల్ పంపుల మీద స్టాప్ సొలనాయిడ్ ఉంటుంది, దానికి ఇగ్నిషన్ స్విచ్ నుంచే ప్లస్ వస్తుంది, అది ఆగితే డీజిల్ ఆగి ఇంజిన్ ఆరిపోతుంది. మీ పంపు మీద అది ఉంటే, మీటరు ఆరిన క్షణంలో కూడా ఇంజిన్ నడిచిందంటే ఇగ్నిషన్ నుంచి ప్లస్ వస్తూనే ఉండి ఉండొచ్చు. అప్పుడు అనుమానం క్యాబిన్ ఎర్త్ వైపు మళ్లుతుంది. ఇంకొకటి చేసి చూడండి. గతుకుల దారిలో నెమ్మదిగా పోతూ హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేవి) వేసి ఉంచండి. చాలా బండ్లలో అవి తాళంతో పని లేకుండా వెలుగుతాయి. మీటరుతో పాటు అవీ తడబడితే లోపం తాళానికి ముందున్న మెయిన్ లైనులోనో ఎర్త్‌లోనో ఉంది. అవి నిలకడగా ఉండి మీటరు ఒక్కటే పోతే ఇగ్నిషన్ స్విచ్‌నో, మీటరు వెనక కప్లర్‌నో చూడాలి. తాళం చెవికి బరువైన గుత్తి వేలాడుతుంటే తీసేసి రెండు రోజులు నడపండి. ఆ బరువు కుదుపుల్లో ఊగి ఊగి పాత స్విచ్ లోపలి పలకలను అరగదీస్తుంది.

నా బండిలో లోపం ఎలా దొరికిందో చెబుతాను. అప్పటికి కొత్త డైనమో వేసి పది రోజులైంది. ఇంజిన్ వేడిగా ఉంది, సెల్ఫ్ టక్కుమంటోంది. బానెట్ తెరిచి, లోపలున్న మనిషిని తాళం తిప్పుతూ ఉండమని, నేను అటూ ఇటూ తడుముతున్నాను. యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పడింది. చురుక్కుమంది. ఆ కేబుల్ వేడెక్కాల్సిన పనే లేదు. సెల్ఫ్‌కి కావాల్సిన కరెంటు బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వస్తోంది గానీ, తిరిగి బ్యాటరీ మైనస్‌కు పోయే దారి మూసుకుపోవడంతో, ఆ సన్నటి ఇనుప కేబుల్‌ని దారిగా చేసుకుని క్యాబిన్‌లోకి పోతోంది. అప్పుడు కింద దూరి ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీని చూశాను. పైకి చూస్తే ఏ లోపమూ లేదు, నట్టు కూడా గట్టిగానే ఉంది. చివర ఉన్న లగ్గును (బోల్టుకు బిగించే లోహపు కొనను) కొద్దిగా వంచితే పట్టీలోంచి పచ్చటి పొడి రాలింది. పోగులన్నీ చిలుము పట్టి తెగిపోయి, నాలుగైదు మాత్రం మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ నాలుగైదు పోగులూ, కేబుళ్లూ కలిసి ఎలాగో నెట్టుకొచ్చేవి. వేడెక్కాక కుదిరేది కాదు.

అప్పటిదాకా ముగ్గురు ఆ పట్టీని మల్టీమీటరుతో చూశారు. ఓమ్‌లలో (నిరోధం కొలిచే సెట్టింగులో) పెట్టి, సున్నాకు దగ్గరగా ఉంది, బాగుంది అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కానీ ఆ పరీక్షతో ఇది బయటపడదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో 0.02 ఓమ్ అడ్డం ఉంటే చాలు, అక్కడే 3 వోల్టులు పోతాయి. మామూలు మల్టీమీటరుకు 0.02 ఓమ్ కనిపించదు, దాని సొంత వైర్లే అంతకంటే ఎక్కువ చూపిస్తాయి. వోల్టులు చూసినా అంతే. డిజిటల్ మీటరు లోపలి నిరోధం చాలా వాటిలో 10 మెగా ఓమ్‌లు ఉంటుంది, 12 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు ఆంపియర్‌లో సుమారు పది లక్షల వంతు. ఒకే ఒక్క పోగు మిగిలినా దానికి 12 వోల్టులు నిండుగా కనిపిస్తాయి. అందుకే లైన్ మీద బరువు పెట్టి చూడాలి, అంటే కరెంటు పారుతుండగా కొలవాలి.

ఇదే మీరు మొదట చేయాల్సిన పని. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టండి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి, ఫ్యాను దగ్గర వైర్లు వేలాడకూడదు. నల్ల ప్రోబ్ (మీటరు వైరు చివరి సూది) బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టండి, దానికి వైరును బిగించే క్లాంపు మీద పెట్టొద్దు, ఆ సీసపు పోస్టు మీదే. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాకు మీద, రంగు లేని శుభ్రమైన చోట గుచ్చండి. ఇంకొకరు సెల్ఫ్ తిప్పాలి. తిరుగుతున్నంతసేపు మీటరులో 0.2 వోల్టులకు మించి రాకూడదు. నా బండిలో దాదాపు 3 వచ్చింది, పట్టీ మార్చాక 0.1 దగ్గర నిలిచింది. తర్వాత ఎర్ర ప్రోబ్‌ని క్యాబిన్ లోహం మీద పెట్టి, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను, వైపర్లు అన్నీ వేసి చూడండి. ఇక్కడ 0.1 దాటితే క్యాబిన్ ఎర్త్ బాగాలేదు. వెనక టెయిల్ లైటు ఎర్త్‌నూ ఇలాగే చూడొచ్చు. ప్లస్ వైపు కూడా బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా సెల్ఫ్ తిరిగేటప్పుడే కొలవండి, 0.5 లోపు ఉంటే పర్వాలేదు.

మీకు లోపం వచ్చేది వేడి మీద కాబట్టి, ఈ కొలతలు వేడి మీదే తీయాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద తీస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. నేను రెండుసార్లు అలాగే మోసపోయాను. కొలుస్తూనే వైరింగ్ కట్టను, కప్లర్లను ఒక్కొక్కటిగా పట్టుకుని కదపండి, అంకె ఎక్కడ దూకిందో అక్కడ ఆగండి. మీ మీటరులో మిన్, మ్యాక్స్ గుర్తుపెట్టుకునే బటన్ ఉంటే ఇంకా మంచిది, కళ్లు మీటరు మీద లేకపోయినా దొరికిపోతుంది.

డైనమో సంగతి తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య ఉండి, లైట్లు వేసినా అక్కడే నిలబడితే ఛార్జింగ్ బాగుంది. మీటరును ఏసీలోకి మార్చి అక్కడే చూస్తే 0.5 వోల్టులు దాటకూడదు, దాటితే డైనమో లోపలి డయోడ్ పోయి ఉండొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో బాగుందా లేదా చూసే పాత అలవాటు కొందరికి ఉంది, దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి, బాగున్న డైనమో, రెగ్యులేటరు రెండూ కాలిపోవచ్చు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రాత్రంతా ఊరికే ఉంచిన బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉంది, 12.2 అంటే సగం. కొత్త బ్యాటరీ వేసినప్పుడు పాత క్లాంపులే బిగించి ఉంటారు కాబట్టి వాటిని విప్పి లోపలివైపు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

ఎర్త్ పాయింట్లు బాగుచేసేటప్పుడు నట్టు బిగించి వదిలేయకండి. విప్పి, లగ్గు కింద రంగు, తుప్పు గీకాక లోహం మెరవాలి. బిగించాక పైన కొద్దిగా వాజిలిన్ గానీ గ్రీజు గానీ పూస్తే నీరు చేరదు. లగ్గు దగ్గర వైరు తోలు కొంచెం వెనక్కి తీసి పోగుల రంగు చూడండి. లోపల నల్లబడి ఉంటే రుద్ది లాభం లేదు, ఆ ముక్క మార్చేయాలి. నేను ఇంజిన్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు, క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు ఒక్కో లావు వైరు అదనంగా వేశాను. పాతవి తీయలేదు. దానివల్ల నష్టమేమీ లేదు.

నా బండిలో ఎర్త్ సరిచేశాక కూడా ఇంకొకటి మిగిలింది, మీకూ రావచ్చు కాబట్టి చెబుతున్నాను. వారానికోసారి టెయిల్ లైటు ఫ్యూజు పోయేది. కొత్తది వేస్తే రోజుల తరబడి నడిచేది. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు, నేను వినలేదు. ఫ్యూజు పెద్దదైతే కాలేది వైరు. చేసింది ఏమిటంటే, ఆ ఫ్యూజు తీసేసి, దాని స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బును వైర్లతో కలిపాను. వెనక లైట్ల బల్బులన్నీ తీసేశాను. ఇప్పుడు ఎక్కడైనా వైరు బాడీకి తగిలితేనే నా బల్బు వెలుగుతుంది, వెలిగినా దానిలోంచి 2 ఆంపియర్లకు లోపే పోతుంది కాబట్టి ఏదీ కాలదు. లైటు స్విచ్ వేసి, ముందు నుంచి వెనక దాకా వైరింగ్ కట్టను జానెడు జానెడు కదుపుతూ పోయాను. ఛాసిస్ మీద తొట్టి కూర్చునే చోట కదపగానే బల్బు భగ్గుమంది. అక్కడ క్లిప్పు ఊడి, కట్ట రెండింటి మధ్యా నలిగి, తోలు అరిగి, రాగి కనబడుతోంది. లోడు ఎక్కువ వేసి గతుకులో పడినప్పుడే ఫ్యూజు ఎందుకు పోయేదో అప్పుడు అర్థమైంది. ఈ బల్బు పద్ధతి కంప్యూటర్ బాక్సుకు పోయే వైర్ల మీద, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మాత్రం వాడకండి.

ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మసకగా కొట్టుకోవడం లాంటివి మీ బండిలో కనిపిస్తే అదీ చాలావరకు ఎర్త్ లోపమే. ఆ లైటుకు ఎర్త్ అందక, కరెంటు పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. మ్యూజిక్ సిస్టమో, అదనపు లైట్లో మునుపటి యజమానులు వేయించి ఉంటే, ఆ టేపు జాయింట్లన్నీ ఒకసారి విప్పి చూడండి. మెలితిప్పిన జాయింటు ఎంత బాగా కనిపించినా నేను నమ్మను, టంకం వేసి స్లీవు ఎక్కిస్తాను.

ఈ వారంలో బండిని బాగా తిప్పి, వేడి మీద ఆ మొదటి రెండు కొలతలు తీయండి: సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకుకు ఎంత, అన్ని లైట్లూ వేసినప్పుడు అదే పోస్టు నుంచి క్యాబిన్‌కు ఎంత. ఆ అంకెలు, మీటరు బోర్డు ఆరినప్పుడు హజార్డ్ లైట్లు ఏమయ్యాయో ఇక్కడ రాయండి. వాటిని బట్టి ఏ పట్టీ విప్పాలో చెబుతాను.