క్రాప్ వ్యూ బటన్ వెలగకపోతే
సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ డ్రాయింగులో పొడవైన షాఫ్టు చివరి భాగాన్ని మాత్రమే చూపించాలని చుట్టూ స్ప్లైన్ (వంపు గీత) గీశానని, అయినా గీత లోపలి భాగాన్నే ఉంచి మిగతాది దాచే క్రాప్ వ్యూ బటన్ వెలగడం లేదని రాశారు. మీ గీత బహుశా వ్యూకు (వస్తువును చూపే బొమ్మకు) కాక షీటుకు (మొత్తం పేజీకి) అతుక్కుని ఉంటుంది. దీనితో నేనూ ఒక పూటంతా కుస్తీ పట్టాను. ఆ స్ప్లైన్ తీసేయండి. వ్యూ మీద డబుల్ క్లిక్ చేసి, ఫోకస్ దానికే లాక్ అయ్యాక మళ్లీ గీయండి. చివరి బిందువు సరిగ్గా మొదటి బిందువు మీదే పడాలి; వెంట్రుకవాసి సందు ఉన్నా ఆకృతి మూసుకున్నట్టు కాదు. గీత ఎంపికలో ఉండగానే క్రాప్ వ్యూ నొక్కండి.

అన్నట్టు, ఆ వ్యూ నుంచి ఇప్పటికే డిటైల్ వ్యూ (ఒక భాగాన్ని పెద్దదిగా చూపే బొమ్మ) తీసి ఉంటే మాత్రం క్రాప్ కుదరదు. తర్వాత హద్దు మార్చుకోవాలంటే వ్యూపై రైట్ క్లిక్ చేయండి, ఎడిట్ క్రాప్ అక్కడే ఉంటుంది.