ట్రినిడాడ్‌లో ‘మాకో’ అని ఎవరిని అంటారు?

పక్కవాళ్ల సంగతుల్లో తలదూర్చేవాళ్లను కరేబియన్‌లో ఏమంటారని అడిగారు. దీవి మారితే మాట మారుతుంది. నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఉన్నది ట్రినిడాడ్‌లో, చగువానస్ దగ్గర. అక్కడ ‘మాకో’ అంటారు. మనిషీ మాకోనే, చేసే పనీ మాకోనే. మరీ ముదిరితే ‘మకోషస్’.

మా ఎదురింటి ఆంటీ ఇందులో ఆరితేరిన మనిషి. వాళ్ల కిటికీకి గాజు పలకల లూవర్లు ఉండేవి. వీధిలో కారు ఆగితే చాలు, రెండు పలకలు మెల్లగా తెరుచుకునేవి. మర్నాడు పొద్దున్నే "రాత్రి వచ్చిన తెల్ల కారు ఎవరిది, మీ తమ్ముడిదా?" అని ఆరా. 1845 నుంచి 1917 దాకా కూలి ఒప్పందాల మీద మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతే ఆవిడ కూడా. జీతమెంత, పిల్లలెప్పుడు లాంటి ప్రశ్నలు నాకేమీ కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించిందల్లా, "ఆంటీ, యూ టూ మాకో!" (మీరు మరీ మాకో!) అని మొహం మీదే అన్నా ఆవిడ పగలబడి నవ్వడం. "నేను చూడకపోతే మీ ఇంట్లో దొంగలు పడితే ఎవరు చూస్తారు?" అని ఎదురు ప్రశ్న కూడా వేసేది. మన వీధిలో అలా అని చూడండి, ఆర్నెల్లు మాటలుండవు! అయితే అక్కడైనా ఇది చనువున్న చోటే చెల్లుతుంది. కొత్తవాళ్లను అంటే తిట్టే.

జమైకాలో, గయానాలో ‘ఫాస్’ అంటారు. నా చెవికి అది మాకో కంటే కరుకుగా వినిపిస్తుంది. ‘కోళ్ల కొట్లాటలో బొద్దింకకు ఏం పని’ అనే సామెత కూడా జమైకాలో వాడతారు. బార్బడోస్‌లో జాగ్రత్త: అక్కడ ఎవరినైనా ‘మలీషస్’ అంటే మనం అనుకునే దుర్బుద్ధి కాదు, ఊరికే కూపీలు లాగే రకమని అర్థం. మార్టినిక్, గ్వాడెలూప్‌లలో ‘మక్రెల్’.

మాకో చూసిన సంగతి నాలుగు నోళ్లు తిరిగి గొడవగా మారితే ట్రినిడాడ్‌లో దాన్ని ‘కమెస్’ అంటారు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, రోజూ వినబడే మాట.

షేర్ టాక్సీల్లో ఫోన్ మాట్లాడేటప్పుడు ఎలాగూ తెలుగే కదా అని నేను ధీమాగా ఉండేవాణ్ణి. ఓసారి ఫోన్ పెట్టేయగానే పక్కనున్న పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఇంతకీ తప్పు మీదా, మీ ఆవిడదా?"