యెస్ షోకి వెళ్లబోయే మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. యెస్ రాక్ బ్యాండ్ షోకి టికెట్ కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నావట. "మొదలుపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు కదా మావయ్యా, స్టీవ్ హౌ ఒక్కడే పాతవాడు, ఆయనకీ ఎనభై దగ్గర పడ్డాయి, ఇంట్లో రికార్డు వింటే సరిపోదా?" అని అడిగావు. ముందు జవాబు చెప్పేస్తాను: కొను. ఆలస్యం చేయకు. ఎందుకు వెళ్లాలో, వెళ్లి ఎలా వినాలో మెసేజ్‌లో చెప్పేంత చిన్న సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

మొదట ఆ "అసలు మెంబర్లు" అన్న మాట తేల్చుకుందాం. యెస్‌ని 1968లో లండన్‌లో మొదలుపెట్టింది గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటార్ వాయించే క్రిస్ స్క్వైర్. నువ్వు పాతవాడు అంటున్న గిటారిస్టు స్టీవ్ హౌ 1970లో పీటర్ బ్యాంక్స్ స్థానంలో వచ్చాడు. కీబోర్డుల మీద రిక్ వేక్‌మన్ 1971లో టోనీ కే స్థానంలో వచ్చాడు. అంటే నీకు నాకు ప్రాణమైన ఆల్బమ్‌ల నాటికే బ్యాండ్ సగం మారిపోయింది. 1972లో జరిగింది విను. 'క్లోజ్ టు ది ఎడ్జ్' ఆల్బమ్ రికార్డింగ్ పూర్తవగానే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌లో చేరడానికి వెళ్లిపోయాడు. టూర్ తేదీలు అప్పటికే ఖరారయ్యాయి. ఆయన స్థానంలో వచ్చిన అలన్ వైట్‌కి అంత కష్టమైన సంగీతం నేర్చుకోవడానికి దొరికింది దాదాపు మూడు రోజులు. ఆ టూర్‌లో టికెట్ కొన్నవాళ్లెవరూ రికార్డులో ఉన్న డ్రమ్మర్‌ని వినలేదు. దాన్ని నకిలీ యెస్ అని ఈ రోజు ఎవరూ అనరు. పైగా వైట్ యాభై ఏళ్లు, 2022లో చనిపోయేదాకా, ఆ బ్యాండ్‌లోనే ఉన్నాడు.

కాబట్టి ఇప్పుడు జాన్ డేవిసన్ పాడుతున్నాడనో, బిల్లీ షెర్వుడ్ బేస్ వాయిస్తున్నాడనో అనుమానంతో వెళ్లకు. డేవిసన్ 2012 నుంచి ఉన్నాడు. షెర్వుడ్ అయితే స్క్వైర్ స్వయంగా కోరుకున్న మనిషి. 2015లో లుకేమియా బయటపడ్డాక, తన చోట షెర్వుడ్ వాయించాలని స్క్వైరే చెప్పి వెళ్లాడు. ఆ ఏడు ఆగస్టులో ఆయన లేకుండా జరిగిన మొదటి షోలో, బ్యాండ్ వాయించడం మొదలుపెట్టకముందు, ఖాళీ స్టేజీ మీద స్క్వైర్ బేస్ గిటార్‌ని నిలబెట్టి దాని మీద ఒక్క లైటు వేశారు. ఆ తర్వాతే షెర్వుడ్ వచ్చి వాయించాడు. తనకు గురువులాంటి మనిషి కట్టిన బేస్ వరసల్ని, ఆయన లేని స్టేజీ మీద, ఆయన కోసం వచ్చిన జనం ముందు వాయించడం ఎంత బరువో ఆలోచించు. నువ్వు చూడబోయేది అలాంటి మనుషుల్ని.

ఇక రెండో సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో రికార్డు వింటే సరిపోదా అన్నావు కదా. ఆ రికార్డు ఎలా తయారైందో తెలుసా? 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో పద్దెనిమిది నిమిషాలు దాటే ఆ మొదటి పాటని, ఆల్బమ్ పేరే ఉన్నదాన్ని, వాళ్లు ఒక్క ఊపున వాయించలేదు. లండన్‌లో అడ్విజన్ స్టూడియోలో ముక్కలు ముక్కలుగా తయారు చేసుకుంటూ, రిహార్సల్ చేసి, రికార్డు చేసి, మళ్లీ తర్వాతి ముక్క మీద కూర్చునేవాళ్లు. ఎడ్డీ ఆఫర్డ్ అనే ఇంజినీర్ ఆ టేపులు కోసి అతికించాడు. మధ్యలో వినిపించే పెద్ద పైప్ ఆర్గన్ అయితే స్టూడియోలోది కూడా కాదు, లండన్‌లోనే ఒక చర్చిలో రికార్డు చేసి తెచ్చింది. అంటే ఆ పాట మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన, ఊపిరి తీసుకుంటూ, చెమటలు కక్కుతూ జరిగేది స్టేజీ మీదే. రికార్డు ఎంత గొప్పదైనా ఆ ప్రయాణం అందులో లేదు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి ఐదుగురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎలా దాటుతారో హాల్లో కూర్చుంటే తప్ప తెలియదు. అందుకే అంటున్నాను, రికార్డుతో సరిపోల్చడానికి వెళ్లకు. ఆ రాత్రి ఆ సంగీతం ఎలా పూర్తవుతుందో వినడానికి వెళ్లు.

వయసు వల్ల కొన్ని మారతాయి. అవి ముందే తెలిసుంటే మంచిది. కొన్ని చోట్ల వేగం రికార్డు కంటే తగ్గుతుంది. పై స్థాయిలో పాడే పాటలకు చాలా బ్యాండ్లు శ్రుతి దించుకుంటాయి. గిటార్ సోలోలో ఒకటో రెండో స్వరాలు మసకబారతాయి. ఇవి తప్పుల లెక్కలా రాసుకుంటూ కూర్చుంటే రాత్రంతా వృథా. నీకు కీబోర్డు వచ్చు కాబట్టి ఒక పని చెయ్యి: వేగం తగ్గిన చోట లోపలి అల్లిక విను. రికార్డులో ఝుమ్మని దాటిపోయే భాగాల్లో బేస్ ఏం చేస్తోందో, కీబోర్డు ఎడమచేయి ఏం చేస్తోందో అప్పుడు విడివిడిగా తెలుస్తాయి. నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసనుకున్న పాటల్లో కొత్త వరసలు ఇలాగే దొరికాయి.

ఒంట్లో శక్తి తగ్గినప్పుడు సంగీతకారులు ఎలా సర్దుకుంటారో చూడటం కూడా ఒక చదువే. అలన్ వైట్‌కి 2016లో వెన్ను ఆపరేషన్ అయ్యాక జే షెలెన్ డ్రమ్స్ మీద కూర్చున్నాడు. తర్వాతి ఏళ్లలో వైట్ షో చివర్లో వచ్చి కొన్ని పాటలు వాయించేవాడు. జెనెసిస్ బ్యాండ్ ఆఖరి టూర్ సంగతి నీకు తెలుసు. నడుము, నరాల సమస్యలతో డ్రమ్స్ కర్రలు పట్టుకోలేని స్థితిలో ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు, వెనక డ్రమ్స్ మీద ఆయన కొడుకు నిక్. 2022 మార్చి 26న లండన్‌లో ఆఖరి షో. అది చూసి జాలిపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ జాలి నాకు నచ్చలేదు. ఒక గొప్ప డ్రమ్మర్ తను కట్టిన తాళాల్ని కొడుకు చేతుల్లో వింటూ వాటి మీద పాడుతుంటే అక్కడ జాలిపడాల్సింది ఏముంది? నువ్వు కూడా హాల్లో జాలి చూపించకు. "ఈ వయసులో కూడా" అన్న మాట మనసులోకి వచ్చిందంటే వినడం ఆగిపోయినట్టే.

వెళ్లే ముందు ఏం చేయాలి? ఏ ఆల్బమ్ వాయిస్తారో కనుక్కో. 2013 నుంచి యెస్ కొన్ని టూర్లలో పాత ఆల్బమ్‌లని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయిస్తోంది. అలాంటి షో అయితే ఆ ఆల్బమ్‌ని ముందు నుంచే వింటూ ఉండు. ఊరికే వినడం కాదు, ఒకసారి బేస్‌నే పట్టుకుని మొత్తం విను, ఇంకోసారి కీబోర్డుని, ఇంకోసారి వెనక పాడే గొంతుల్ని. తాళం లెక్కపెట్టే అలవాటు నీకు ఉంది, అది ఇంట్లోనే తీర్చుకో. ఏడో, తొమ్మిదో, పదకొండో అని హాల్లో వేళ్ల మీద లెక్కపెడుతూ కూర్చుంటే పాట చేయి దాటిపోతుంది. ఇంట్లో లెక్క కుదిరితే అక్కడ ఒళ్లే చూసుకుంటుంది.

కానీ ఆ టూర్‌వి ఫోన్‌లో తీసిన వీడియోలు మాత్రం చూడకు. ఫోన్ మైకులో బేస్ ఉండదు, గొంతు పిడచకట్టినట్టు వినిపిస్తుంది, పక్కవాడి దగ్గు మాత్రం స్పష్టంగా ఉంటుంది. అవి చూసే చాలామంది "వీళ్ల పని అయిపోయింది" అని తీర్పు చెప్పేస్తారు. కొత్త పాటలు కూడా రెండు మూడు విని వెళ్లు. వాళ్లు కొత్త పాట ఎత్తుకోగానే జనం లేచి బయటికి నడవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఈ వయసులో కొత్తగా పాటలు కట్టి తెచ్చినవాళ్లకి ఆ కాసేపు కుర్చీలో ఉండటం కనీస మర్యాద.

సీటు గురించి. ముందు వరస మీద ఆశపడకు. స్పీకర్ల నుంచి వచ్చే గొంతు, కీబోర్డు నీ తల మీదుగా వెనక్కి వెళ్లిపోతాయి, నీకు మిగిలేది డ్రమ్స్, దగ్గర్లో ఉన్న ఒక గిటార్. సౌండ్ ఇంజినీర్ మిక్సింగ్ డెస్క్ పెట్టుకుని కూర్చునే చోటు చూడు, సాధారణంగా నేల మీద మధ్యలోనో కాస్త వెనకో ఉంటుంది. దాని చుట్టుపక్కల దొరికితే అదే మంచి సీటు, ఎందుకంటే అతను తన చెవికి ఎలా బాగుంటే అలాగే కలుపుతాడు. బాల్కనీ కింద లోపలికి ఉన్న వరసలు వద్దు, పై శబ్దం అక్కడికి సరిగా రాదు. డబ్బు మిగుల్చుకుని బాల్కనీ మొదటి వరసలో కూర్చుంటే ఇంకో లాభం ఉంది, కీబోర్డుల మీద జెఫ్ డౌన్స్ చేతులు కనిపిస్తాయి. నీలాంటి పిల్లకి అది పండగే.

స్టీవ్ హౌ వైపు కూడా కళ్లు పెట్టు. 'అండ్ యూ అండ్ ఐ' పాట వాయిస్తే గమనించు, పన్నెండు తీగల అకౌస్టిక్ గిటార్‌ని ఒక స్టాండుకి బిగించి ఉంచుతారు, ఆయన దాని ముందు నిలబడి వాయించి, సమయానికి స్టీల్ గిటార్ దగ్గరికి జరుగుతాడు. ఆ జరగడం కూడా పాటలో భాగమే.

చెవులకి ప్లగ్‌లు తప్పకుండా తీసుకెళ్లు. ఇందులో నేను మొహమాటపడను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు. అంత శబ్దంలో రెండు గంటలు కూర్చోవడం కూడా చెవికి భారమే. స్పాంజివి పెట్టుకుంటే పై స్వరాలు మూసుకుపోయి అంతా దుప్పటి కప్పినట్టు ఉంటుంది. సంగీతకారుల కోసం చేసేవి వేరే ఉంటాయి, అవి అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. అవి కొను.

ఫోన్ సంగతి చెప్పడానికి నేను చూసిన ఒక షో గురించి చెప్పాలి. 2014 నుంచి కింగ్ క్రిమ్సన్ మళ్లీ వాయించిన ఏళ్లలో వాళ్లని చూశాను. ముగ్గురు డ్రమ్మర్లు స్టేజీ ముందు భాగంలో, మిగతావాళ్లు వెనక ఎత్తు మీద, ఒక పక్కగా స్టూలు మీద గిటార్‌తో రాబర్ట్ ఫ్రిప్. ఫోటోలు తీయొద్దని, చివర్లో బేస్ వాయించే టోనీ లెవిన్ తన కెమెరా తీసినప్పుడు మాత్రం మీరూ తీసుకోవచ్చని మొదటే చెప్పారు. అంత పెద్ద హాల్లో ఒక్క ఫోన్ వెలుగు లేదు. ముగ్గురూ ఒకే తాళాన్ని ముక్కలుగా పంచుకుని, ఒకరి దెబ్బ ఆగిన చోట ఇంకొకరి దెబ్బ పడుతుంటే, జనం అంతా ఆ చేతుల వైపే చూస్తున్నారు. చివర్లో లెవిన్ కెమెరా పైకెత్తగానే వందల ఫోన్లు ఒక్కసారిగా లేచాయి, స్టేజీ మీదివాళ్లు మమ్మల్ని, మేం వాళ్లని ఫోటోలు తీసుకున్నాం. ఎవరూ అడ్డు చెప్పని షోలో కూడా నువ్వు ఇదే పద్ధతి పెట్టుకో: చివర్లో వాళ్లు వంగి నమస్కరించేటప్పుడు ఒక్క ఫోటో. మెల్లగా సాగే భాగాల్లో చప్పట్లు కూడా ఆపుకో. 'క్లోజ్ టు ది ఎడ్జ్' మధ్యలో పాట నేలకి దిగి దాదాపు నిశ్శబ్దం అవుతుంది. అక్కడ కేకలు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, నువ్వు వాళ్లలో ఉండకు.

హాల్లో నీ వయసువాళ్లు తక్కువగానే కనిపిస్తారు. దానికి టెన్షన్ పడకు. పక్క సీటు పెద్దాయన పలకరిస్తే మాట్లాడు. డెబ్బైల్లో తాను చూసిన షోల గురించి చెబుతాడు, వాటిలో కొన్ని నిజంగా వినదగ్గవి. "అప్పట్లో చూడాల్సింది" అన్న ఒక్క మాటని మాత్రం వదిలెయ్. నీకు దొరికింది ఇప్పటి రాత్రి.

వచ్చే ఏడాది చూద్దాంలే అని మాత్రం అనుకోకు. రష్ బ్యాండ్ 2015 ఆగస్టు 1న లాస్ ఏంజలెస్‌లో వాయించినప్పుడు, వాళ్ల డ్రమ్మర్ నీల్ పెర్ట్‌ని మళ్లీ స్టేజీ మీద చూడబోమని ఆ హాల్లో ఎందరికి తెలుసు? 2020 జనవరిలో ఆయన పోయాడు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బ్యాండ్‌లోని కీత్ ఎమర్సన్, గ్రెగ్ లేక్ ఇద్దరూ 2016 ఒక్క ఏడాదిలోనే వెళ్లిపోయారు. ఈ వయసు బ్యాండ్ల షోలు అనారోగ్యం వల్ల వాయిదా పడుతూనే ఉంటాయి. కాబట్టి షో రద్దయితే డబ్బు తిరిగి ఇచ్చే చోటే టికెట్ కొను, చేతులు మారి వచ్చే టికెట్ల జోలికి పోకు. తేదీ మారితే విసుక్కోకుండా కొత్త తేదీకి వెళ్లు.

ఇంకో మాట, జాన్ ఆండర్సన్ కూడా 2023 నుంచి ది బ్యాండ్ గీక్స్ అనే, తనకంటే చాలా చిన్నవాళ్ల బృందంతో యెస్ పాటలు పాడుతూ తిరుగుతున్నాడు. ఎవరిది నిజమైన యెస్ అని అభిమానులు కొట్టుకుంటున్నారు. నువ్వు ఆ గొడవలో దిగకు. కుదిరితే ఇద్దర్నీ విను. ఒకే పాటని ఆ గొంతు ఎలా నడిపిస్తోంది, ఈ గిటార్ ఎలా నడిపిస్తోంది అని పోల్చుకునే అవకాశం ఊరికే రాదు.

టికెట్ కొనగానే సీటు నంబరూ హాలు ప్లానూ పంపు, మంచి చోటో కాదో చెబుతాను. షో అయ్యాక మర్నాటి దాకా ఆగకుండా ఏ ఏ పాటలు వాయించారో, చర్చి ఆర్గన్ వచ్చే చోట డౌన్స్ ఏం చేశాడో, షెర్వుడ్ బేస్ నీకు విడిగా వినిపించిందో లేదో రాయి. నా దగ్గర అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఆశీస్సులతో,
మావయ్య