గోరు పాడైంది, స్ట్రిప్ టెస్ట్ నెగెటివ్ అంది... నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా కాలి బొటనవేలి గోరు చాన్నాళ్లుగా పచ్చబడి మందంగా తయారైంది, కత్తిరిస్తే కింద నుంచి పొడి రాలుతోంది. క్లినిక్‌లో గోరు చివర ముక్క తీసి స్ట్రిప్ టెస్ట్ చేసి, కాసేపట్లోనే నెగెటివ్ అన్నారు. మా అక్కేమో టెస్టులెందుకే, ఫంగస్ మాత్రలు వేసేసుకో అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అక్క మాట మాత్రం ఇప్పుడే వినకండమ్మా. పాడైన గోళ్లలో ఇంచుమించు సగమే ఫంగస్ వల్ల, మిగతావి సోరియాసిస్, పాత దెబ్బ, బూటు ఒత్తిడి ఇలా రకరకాలు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కంటితో చూసి నేనూ గట్టిగా చెప్పలేను. (మీ చేతి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటే మాత్రం సోరియాసిస్ గురించి అడగండి.) టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్రలు కాలి గోరుకైతే మామూలుగా 12 వారాలు వాడాలి, లివర్ ఎలా ఉందో కూడా చూసుకోవాలి, ఫంగసే లేకపోతే ఈ తిప్పలన్నీ ఎందుకు చెప్పండి.

ఇక స్ట్రిప్ సంగతి. గోరు పొడిని ద్రావణంలో కలిపి స్ట్రిప్‌కి పట్టిస్తారు, డెర్మటోఫైట్ అనే రకం ఫంగస్ తాలూకు యాంటిజెన్ (ఆ ఫంగస్‌ని పట్టించే పదార్థం) ఉంటే రెండో గీత వస్తుంది, అచ్చం ప్రెగ్నెన్సీ కిట్ లాగే. కాలిగోళ్లలో ఎక్కువగా ఉండేది ఈ రకమే కాబట్టి పనికొచ్చే టెస్టే, కానీ క్యాండిడా అనే ఈస్ట్ రకం ఫంగస్, వేరే బూజులు దీనికి దొరకవు.

నాకు అసలు అనుమానం ఆ చివర ముక్క మీదే. అక్కడ ఫంగస్ తక్కువుండొచ్చు, ఉన్నా చచ్చిపోయినదే ఉండొచ్చు. పాలిష్ తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, చివర పెళుసు భాగం కత్తిరించి పడేసి, మంచి గోరూ పాడైన గోరూ కలిసే చోట, గోరు కింద నుంచి గీకి తియ్యాలి. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ శాంపిల్ అంటే అదీ. అలా మళ్లీ తీయించి కేఓహెచ్ స్లైడ్ (గోరు పొడిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మైక్రోస్కోప్ కింద చూసే టెస్ట్) చేయించండి, అదే రోజు తెలిసిపోతుంది, అదీ తేలకపోతే గోరు ముక్కని పాస్ (PAS) స్టెయిన్‌కి, అంటే ఫంగస్‌కి రంగు పట్టించి మైక్రోస్కోప్‌లో చూసే టెస్టుకి పంపిస్తారు. కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూడ్డానికి, వారాలు పడుతుంది, పైగా ఫంగస్ లోషన్ ఏదైనా రాస్తుంటే అందులో ఏమీ మొలవకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి.

షుగర్ ఉన్నా, గోరు చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెడుతున్నా టెస్టుల సంగతి తర్వాత, ముందు వెళ్లి కాలు చూపించుకోండి.