క్రైస్తవ స్త్రీలు నగలు పెట్టుకోకూడదని బైబిలు చెబుతోందా?

లేదు, పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం నగలను నిషేధించడం లేదు, వెలుపలి అలంకారం కన్నా సాధువైన, మృదువైన అంతరంగ స్వభావమే విలువైనదని పోల్చి చెబుతోంది. ఆ వాక్యంలో జడలు, బంగారంతో పాటు వస్త్రాలు ధరించడం కూడా ఉంది కాబట్టి, దానిని నిషేధంగా చదివితే బట్టలు కూడా మానవలసి వస్తుంది. చిత్తూరులో ఒక క్రైస్తవ కుటుంబం పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు, అమ్మాయి రంగేమిటి, బంగారం ఎన్ని సవర్లు అని ఆరా తీయడం కన్నా, కోపం వచ్చినప్పుడు ఆమె, అంతకు మించి తమ అబ్బాయి, ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడతారో గమనించడమే ఈ బోధకు తగిన ఆచరణ. ముక్కుపుడక, గాజులు తీసేస్తే భక్తి పెరిగినట్లేనన్నది అపోహ. నగలు మానడం కొన్ని సంఘాల క్రమశిక్షణ (అది గౌరవించదగినదే), గుణానికి కొలమానం కాదు. ఈ మాట ఆడవారికే పరిమితమనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే అదే అధ్యాయం 7వ వచనం భార్యను సన్మానించమని భర్తను ఆదేశిస్తోంది.